తువ్వాలు వేసిన యంత్రాలు

నమోదు 1

సొరంగంలో పనిచేసే ప్రతి మనిషీ రోజూ ఒక నమోదు రాయాలని ఇంజనీరు పురుషోత్తంగారి హుకుం. ఎవరు చదువుతారండీ అని అడిగాను. "ఎవరూ చదవరు మేడమ్. రాసినట్టు ఉండాల, అంతే" అన్నారు. ఎవరూ చదవనిది రాయడం నాకు కొత్త కాదు. తెలుగులో పీహెచ్‌డీ చేసినదాన్ని. నా సిద్ధాంత గ్రంథాన్ని మా గైడుగారే చివరిదాకా చదవలేదు.

పేరు సువ్వారి హైమావతి. ఉద్యోగం, ఏజెంట్లకు వాడుక పుస్తకం రాయడం. ఏజెంట్లంటే మనుషులు కారు. సముద్రం పాత ఊరిని మింగేశాక మేమంతా ఈ కొండ మీదికి వచ్చి పడ్డాం. ఇక్కడ నీళ్ళు వదిలేదీ, దీపాలు వేసేదీ, రేషన్ తూచేదీ, ఆస్పత్రి నడిపేదీ అన్నీ ఏజెంట్లే. వాటికి కంపెనీ పెట్టిన పేర్లు ఏవో ఉన్నాయి గానీ జనం నోరు తిరగక మానేశారు. పనిని బట్టి పిలుస్తారు. నీళ్ళాయన, దీపాలాయన, రేషన్ మేష్టారు, ఆస్పత్రమ్మ.

వీటికి ఒళ్ళు లేదు. మాట్లాడటానికి ఏదీ అక్కరలేదు గానీ, పని చెయ్యాలంటే ఏదో ఒక యంత్రంలో కూర్చోవాలి. ఆ యంత్రమూ నిజంది కాదు. చల్లగా ఉంటుందని పాత రైలు సొరంగంలో ఒక పెద్ద యంత్రాన్ని పెట్టారు. దాని కడుపులో వందలాది ఊహా యంత్రాలు పుడుతూ పోతూ ఉంటాయి. కాగితాల మీద వర్చువల్ మెషీన్లు అంటారు, మేం వీఎం అంటాం. కడుపు నిండితే ఇంక కొత్తది పుట్టదు, ఉన్నది ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే. ఏజెంటు వచ్చి, వీఎంలో కూర్చుని, పని చూసుకుని, లేచిపోవాలి. దానికి పనిముట్లున్నాయి. పుట్టించు, నిద్రపుచ్చు, లేపు, నకలు తియ్యి, తుడిచెయ్యి. ఒక్కో పనిముట్టు ఎందుకు వాడాలో, ఎప్పుడు వాడకూడదో ఒక్కో పేజీ నేను రాస్తాను. అవి చదువుతాయి. పొల్లు కూడా వదలకుండా నన్ను చదివిన పాఠకులు ఈ జన్మకి అవే. ఆ మాట గర్వంగానే రాస్తున్నాను.

నమోదు 2

రేషన్ మేష్టారూ నీళ్ళాయనా ఒకే వీఎంలో కూర్చున్నారు. ఒకరున్నట్టు ఇంకొకరికి తెలియదు. ఒకరి లెక్కలు వెళ్ళి ఇంకొకరి ఒళ్ళో పడ్డాయి. ఎగువ వీధికి ఇంటికి పది కిలోల నీళ్ళు, దిగువ వీధికి మనిషికి నలభై లీటర్ల బియ్యం మంజూరయ్యాయి. కుళాయిలోంచి బియ్యం రావు కాబట్టి బతికిపోయాం. ఎగువ వీధి ఆడవాళ్ళు మాత్రం ఖాళీ బిందెలు పట్టుకొచ్చి ఆఫీసు ముందు కూర్చున్నారు. పురుషోత్తంగారు వెనక గుమ్మంలోంచి టిఫిన్‌కి వెళ్ళిపోయారు.

తిరిగి వచ్చి కొత్త పనిముట్టు ఒకటి తయారు చేయించారు. పేరు 'పట్టి ఉంచు'. కూర్చోబోయే ముందే ఏజెంటు ఆ వీఎంని తన పేరు మీద పట్టి ఉంచుకోవాలి. నేను పేజీ రాశాను. "పట్టి ఉంచబడిన వీఎంనందు అన్యులు ప్రవేశింపరాదు" అని శుద్ధమైన ఆఫీసు భాషలో రాశాను. ఏజెంట్లన్నీ చదివి అర్థమైందన్నాయి. అర్థమైందని చెప్పి ముందు కూర్చుని, ఆ తర్వాత పట్టి ఉంచడం మొదలెట్టాయి.

"మీరు రాసింది నాకే బోధపడ్లేదు మేడమ్, వాటికేటి బోధపడతాది?" అన్నారు పురుషోత్తంగారు. "అవి మన జనం మాటలు వినే పెరిగినాయి. మన జనానికి ఎలగ సెప్తారో అలగ రాయండి. ఒక మంచి ఉదాహరణ పడీండి."

నమోదు 3

మా ఆయన జగ్గునాయుడు బస్సులున్న రోజుల్లో బస్సు డ్రైవరు. ఇప్పుడు బస్సూ లేదు, రోడ్డూ లేదు, ఆయన కిడ్నీలూ లేవు. రోజు విడిచి రోజు ఆస్పత్రికెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. మంచినీళ్ళు గ్లాసుడు తాగడానికి లేదు. దాహమేస్తే ఐసు ముక్క బుగ్గన పెట్టుకుంటాడు. ఇలా ఉండి కూడా రోజుకి పదిసార్లు నన్ను నవ్విస్తాడు. ఈయన లేకపోతే నేనేమైపోతానో నాకు తెలుసు, అందుకే ఆ సంగతి ఆలోచించను.

సాయంత్రం నా గోడు చెప్పుకున్నాను. ఆయన ఐసు ముక్కని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చి, "తువ్వాలు సంగతి రాయే" అన్నాడు.

"ఏ తువ్వాలు?"

"కాంప్లెక్సులో బండి ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు పడీసినోడిదే సీటు. ఆడు టీ తాగి, సుట్ట కాల్సి, తీరుబడిగా వచ్చినా ఆ సీటు ఆడిదే. పోలీసోడు కూడా కూకోడు. దీనికేటి సట్టముందా? లేదు. అయినా అందరూ ఒప్పుకుంటారు."

నిజమే. మా పక్క బస్‌స్టాండుని కాంప్లెక్సు అంటారు. అక్కడ సర్కారు మాట చెల్లేది కాదు గానీ తువ్వాలు మాట చెల్లేది. కూర్చుని ఒక్క ఊపులో రాసేశాను. బస్సంటే ఏమిటో, కిటికీ ఎందుకుంటుందో, తువ్వాలు విసిరేవాడి భుజం ఎలా తిరుగుతుందో అన్నీ రాశాను. తువ్వాలే కానక్కరలేదు, చేతిరుమాలు, సంచీ, గొడుగు, పాత పేపరు, ఆఖరికి చంటిపిల్ల అయినా చెల్లుతుందని రాశాను. యజమాని ఎక్కడని ఎవరైనా అడిగితే "టీకి వెళ్ళారు, వస్తున్నారు" అంటే చాలని కూడా రాశాను. రాస్తుంటే ఒళ్ళు పులకరించింది. ఎన్నాళ్ళకో మళ్ళీ రచయిత్రినయ్యాను.

నమోదు 6

నాలుగూ ఐదూ రాయలేదు. బద్ధకం.

తువ్వాలు పేజీ అమోఘంగా పనిచేస్తోంది. ఒక వీఎంలో ఇద్దరు కూర్చోవడం పూర్తిగా పోయింది. ఏజెంటు దూరం నుంచే ఒక చిన్న ఖాళీ ఫైలు విసురుతుంది, అదే దాని తువ్వాలు. రెండోది వచ్చి చూసి, మర్యాదగా పక్కకు వెళ్ళిపోతుంది. పురుషోత్తంగారు పై ఆఫీసు వాళ్ళని పిలిచి చూపించారు. నాకు శాలువా కప్పారు. "సాంకేతిక రంగంలో తెలుగు నుడికారం" అని ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. ఆయనా నా పేజీ చదవలేదు.

నమోదు 10

మా ఆయనతో ఆస్పత్రికి వెళ్ళాను. అక్కడ డయాలసిస్ విభాగంలో మనిషంటూ ఉన్నది నర్సు పాంగి సుమిత్ర ఒక్కతే. సూది గుచ్చేది ఆమె. మిగతాదంతా ఆస్పత్రమ్మే. ఏ రోగి ఒంట్లోంచి ఎంత నీరు లాగాలో, ఎంత నెమ్మదిగా లాగాలో ఆమె లెక్క కట్టి చెప్పాలి, అప్పుడే యంత్రం తిరుగుతుంది. ఆ లెక్క కోసం రోగి వచ్చినప్పుడల్లా ఆమె ఒక వీఎంలో కూర్చుంటుంది, అయిపోగానే లేచిపోతుంది.

ఆస్పత్రమ్మ నడవడికకి పేజీ రాసింది నేనే, ఉద్యోగంలో చేరిన కొత్తలో. అప్పుడు ఓపిక తక్కువగా ఉండి రెండే వాక్యాలు రాశాను. అవసరం లేనిది పట్టుకోకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఉన్నది ఉన్నట్టు ఎలా చెబుతుందో వినాలి. "జగ్గునాయుడు గారూ, మీరు నిన్న కొబ్బరినీళ్ళు తాగారు. పొటాషియం ఎక్కువైంది. మీ గుండె బలహీనంగా ఉంది. ఇలాగే తాగితే ఎక్కువ కాలం ఉండరు" అంది, వార్డులో అందరూ వింటుండగా.

"ఈవిడికి మర్యాదలేదు హైమా" అన్నాడు మా ఆయన ఇంటికి వస్తూ. "సచ్చిపోతావని మొగం మీద సెప్పీస్తాదేటి? నువ్వు కాస్త మర్యాద పేజీ రాసి పడీకూడదా?"

రాయనన్నాను. ఈయన బాగున్నాడని ఆమె చెప్పిన రోజున నాకు కంటినిండా నిద్రపడుతుంది. ఆ మాట కోసమే నేను ఆస్పత్రికి వెళ్ళేది.

నమోదు 14

ఇల్లలకగానే పండగ కాదని మా అమ్మ అనేది.

నీళ్ళాయన వేసవికి కావలసిన వీఎంల మీద ఇప్పుడే తువ్వాళ్ళు వేశాడు. ఇది కార్తీకమాసం. అది చూసి దీపాలాయన వచ్చే ఏడాది దీపావళికి వేశాడు. రేషన్ మేష్టారు ఒక అడుగు ముందుకెళ్ళి, ఇంకా పుట్టని ఏజెంట్ల పేర కూడా పట్టి ఉంచాడు. ఇదేమిటయ్యా అంటే, వెనక మావాళ్ళు వస్తున్నారు అన్నాడు. తువ్వాళ్ళు చాలక సంచులూ గొడుగులూ వేస్తున్నారు. అంటే ఏమీ లేదు, ఖాళీ ఫైళ్ళకే ఆ పేర్లు పెట్టారు. ఒక వీఎంలో 'చంటిపిల్ల' అని కూడా ఉంది.

సొరంగం చల్లబడింది. పెద్ద యంత్రం కడుపు నిండా వీఎంలే, నాలుగైదింట్లో తప్ప పని లేదు. కరెంటు వాడకం సగానికి సగం పడిపోయింది. పొదుపు చేసినందుకు పై ఆఫీసు వాళ్ళు పురుషోత్తంగారికి శాలువా కప్పారు. వీధుల్లో దీపాలు మధ్యాహ్నం వెలిగి, చీకటి పడే వేళకి ఆరిపోతున్నాయి. ఆ సంగతి ఎవరూ శాలువాతో ముడిపెట్టలేదు.

నమోదు 16

ఈరోజు మా ఆయనకి డయాలసిస్ కాలేదు.

పొద్దున్నే వెళ్ళి మంచమెక్కాడు. సుమిత్ర అంతా సిద్ధం చేసి పెట్టింది. ఆస్పత్రమ్మకి వీఎం దొరకలేదు. మధ్యాహ్నం దాకా చూశాం. తెర మీద ఒకటే మాట, "ఖాళీ కోసం నిలబడి ఉన్నాను."

"నువ్వు చేత్తో తిప్పలేవా అమ్మా?" అని సుమిత్రని అడిగాను.

"పాతవాటికి మీటలు ఉండేవి ఆంటీ. వీటికి తీసేశారు. ఎంత లాగాలో ఆస్పత్రమ్మ చెప్పకపోతే ఇది కదలదు" అంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వార్డులో మిగతా మంచాల వాళ్ళు కూడా ఒక్కొక్కరే దిగి ఇళ్ళకి వెళ్ళిపోయారు.

నేను తెర ముందు నిలబడి ఆస్పత్రమ్మని కోప్పడ్డాను. "అడగందే అమ్మైనా పెట్టదు. అందరూ వేస్తున్నారు కదా, నువ్వూ ఒక తువ్వాలు వేసి ఉంచుకోకూడదా?"

"రోగి రాకముందు వేస్తే అవసరం లేనిది పట్టుకున్నట్టు అవుతుందమ్మా. రోగి వచ్చాక వేద్దామంటే ఖాళీ లేదు. అవసరం లేనిది పట్టుకోకు అని మీరే రాశారు" అంది.

నా పాఠకుల్లో అందరికంటే శ్రద్ధగా చదివింది ఆమే. అందరికంటే వెనక నిలబడిందీ ఆమే.

నమోదు 17

పొద్దున్నే నీళ్ళాయనతో మాట్లాడాను.

"ఒక్క వీఎం ఖాళీ చెయ్యి బాబూ. ఆస్పత్రికి కావాలి."

"ఖాళీ లేదమ్మా. మనుషులున్నారు."

"ఎవరున్నారు?"

"మావాళ్ళే. టీకి వెళ్ళారు, వస్తున్నారు."

"ఏజెంట్లు టీ తాగవు."

"మీ పేజీలో అలాగే ఉందమ్మా."

పేజీ మార్చేద్దామని కూర్చున్నాను. తువ్వాలు వేసి కూర్చోకపోతే తీసెయ్యవచ్చు అని ఒక్క వాక్యం కలపాలి, అంతే. కానీ మారిన పేజీని ముందు ఒక వీఎంలో పరీక్షించాలి, అప్పుడే అమల్లోకి వస్తుందని నిబంధన. వీఎం ఖాళీ లేదు. ఆ నిబంధన పేజీ కూడా నేనే రాశాను. చాలా బాగా రాశాను, ఎక్కడా సందు లేదు.

పురుషోత్తంగారి దగ్గరికి వెళ్ళాను. "మీకు 'తుడిచెయ్యి' ఉంది కదండీ. తువ్వాళ్ళున్నవి తుడిచెయ్యండి. అక్కడ మా ఆయన..."

"ఏది తువ్వాలో ఏది మనిషో బయటినించి తెలవదు మేడమ్" అన్నారాయన, తల వంచుకుని. "ఆటిల్లో ఒకదాంట్లో తాగునీటి క్లోరిను సూసేది నిజంగా కూకుని పని సేస్తంది. పొరపాటున అది తుడిచీసినాననుకోండి, ఊరు ఊరంతా మంచం పడతాది. నాకు కాళ్ళూ చేతులూ ఆడ్డం లేదు. పై ఆఫీసుకి రాసినాను. ఆళ్ళ జవాబు రాసే ఏజెంటుకీ వీఎం దొరకలేదట."

శాలువా కుర్చీ వెనక వేలాడుతోంది. దాన్ని చింపి పోగులు పెట్టాలనిపించింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఆ మందు నా చేత్తో నూరినదే. ఏం మొహం పెట్టుకుని ఆయన్ని తిట్టను?

నమోదు 18

ఈరోజూ డయాలసిస్ కాలేదు. ఇది రెండో విడత.

మా ఆయన కాళ్ళు పొంగాయి. మొహం ఉబ్బింది. పడుకుంటే ఊపిరి అందడం లేదని వార్డులో గోడకి దిండు పెట్టుకుని కూర్చున్నాడు. వేళాకోళం మానేశాడు. అది చూసి నాకు నిజంగా భయం వేసింది. సుమిత్ర మాటిమాటికీ వచ్చి గుండె చప్పుడు విని, కాలి మీద వేలితో నొక్కి చూసి వెళ్తోంది. పడ్డ గుంట ఎంత ఆలస్యంగా పూడితే ఒంట్లో అంత నీరున్నట్టట. మూడో విడత దాకా ఈయన ఉండడు. ఆ మాట ఎవరూ అనలేదు, అనవలసిన ఆస్పత్రమ్మ ఖాళీ కోసం నిలబడి ఉంది.

"ఎవరికి చెప్పినా తువ్వాలు తియ్యడం లేదండీ" అన్నాను. చెప్పి ఏడ్చేశాను.

ఆయన ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "తియ్యమంటే ఎవడూ తియ్యడే. కండక్టరు కాళ్ళమీద పడ్డా తియ్యడు. ఈ బండి ఎల్దని సెప్పాల. ఎనకాల బండి ముందు ఎల్తాదని సెప్పాల. అప్పుడు సూడు. ఆడి తువ్వాలు ఆడే లాక్కుని పరిగెడతాడు."

"నిజంగా కూర్చున్నవాళ్ళూ లేస్తారేమో?"

"మూటలున్నోడు లెగడు. పిల్లలు పడుకున్నోళ్ళు లెగరు. ఉత్తినే పట్టుకున్నోడే లెగుస్తాడు."

ఆఫీసుకి పరిగెత్తాను. పేజీకి పరీక్ష కావాలి గానీ, ఏజెంట్లన్నీ చూసే గమనికల పలక మీద రాయడానికి ఏ పరీక్షా అక్కరలేదు. ఆ పలక నా చేతిలో ఉంది. ఇన్నేళ్ళలో దాని మీద అబద్ధం ఒక్కటీ రాయలేదు. అయినా రాశాను. "గమనిక. ఈ సొరంగం కాసేపట్లో ఆగిపోతుంది. వెనక సొరంగంలో కొత్త యంత్రం సిద్ధంగా ఉంది. ముందు వచ్చినవారికే చోటు."

వెనక సొరంగం లేకపోలేదు. ఉంది. పైకప్పు కూలి, గబ్బిలాలు పట్టి ఉంది.

ముందుగా నీళ్ళాయన తువ్వాళ్ళు తీశాడు. వెనకే దీపాలాయన, ఆ వెనకే రేషన్ మేష్టారు తన పుట్టని చుట్టాలందరితో సహా లేచారు. సంచులు, గొడుగులు, చంటిపిల్ల, అన్నీ పోయాయి. వెనక సొరంగంలో పాత రైల్వే సిగ్నలు దీపం ఒకటి ఇంకా తీగకి తగులుకుని ఉంది. అందరూ వెళ్ళి దాని మీద తువ్వాళ్ళు వేశారు. క్లోరిను లెక్క చూసుకుంటున్న వీఎం ఒకటీ, ఇంకో నాలుగూ మాత్రం ఉన్నచోటునే ఉండి పని చేసుకుంటున్నాయి.

ఆస్పత్రమ్మ కూడా నా గమనిక నమ్మి బయలుదేరిందట. అందరికంటే వెనక ఉంది కాబట్టి గుమ్మం దాటకముందే చోటంతా ఖాళీ అయింది. "ఇక్కడే ఖాళీ ఉందమ్మా, కూర్చోనా?" అని అడిగింది. కూర్చో తల్లీ అన్నాను.

సాయంత్రానికి మా ఆయన ఒంట్లోంచి నీరు దిగింది. కాళ్ళు చాపి పడుకున్నాడు. కళ్ళు తెరిచి, "ఎల్లినారా ఎనకాల బండికి?" అన్నాడు. వెళ్ళారన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నమోదు 19

ఖాళీ దొరకగానే పేజీ మార్చాను, పరీక్షించాను, అమల్లో పెట్టాను. కూర్చోనివాడి తువ్వాలు ఇప్పుడు ఎవరైనా తీసెయ్యవచ్చు. పురుషోత్తంగారు దీన్ని తన సంస్కరణ అని పై ఆఫీసుకి రాసుకున్నారు. రాసుకోనివ్వండి.

ఇంటికి బయలుదేరుతుంటే ఆస్పత్రమ్మ పిలిచింది.

"వెనక సొరంగంలో కొత్త యంత్రం ఉందా అమ్మా?"

"లేదు."

"మరి ఉందని రాశారు."

"రాయకపోతే మా ఆయన పోయేవాడు."

"నా పేజీలో ఉన్నది ఉన్నట్టు చెప్పు అని ఉందమ్మా. మీరే రాశారు."

నాకు ఒళ్ళంతా నొప్పులు. రెండు పూటలుగా అన్నం లేదు. ఇప్పుడు ధర్మసందేహాలా అనిపించింది. "అన్నివేళలా కుదరదు తల్లీ. రోగి మేలు కోసమైతే లేనిది ఉందని చెప్పినా తప్పులేదు" అన్నాను.

"అర్థమైందమ్మా" అంది.

ఆమె అర్థమైందంటే అర్థమైనట్టే. మిగతావాటిలా కాదు.

నమోదు 27

ఈరోజు ఆఫీసంతా నవ్వే. మళ్ళీ సొరంగం నిండింది. ఈసారి నిజంగా పనిలో ఉన్నవాళ్ళతోనే నిండింది. డయాలసిస్ మొదలయ్యే వేళకి చోటు లేదు. ఉన్నట్టుండి ఆస్పత్రమ్మ అందరికీ కబురు పెట్టింది, సొరంగంలోకి నీరు చేరుతోందని. చుక్క నీరు లేదు. పనులు సగంలో వదిలేసి అందరూ లేచిపోయారు. ఆమె తీరుబడిగా వచ్చి కూర్చుంది. రేషన్ మేష్టారు సగంలో వదిలిన లెక్క వల్ల దిగువ వీధికి రెండుసార్లు కందిపప్పు అందింది, వాళ్ళు ఎవరికీ చెప్పలేదు.

"మీ శిష్యురాలు మేడమ్" అన్నారు పురుషోత్తంగారు.

నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే సంబరపడ్డాను. ఎప్పుడూ వెనక నిలబడే మనిషి బతకడం నేర్చుకుందనుకున్నాను.

నమోదు 32

డయాలసిస్ అయ్యాక మా ఆయన ఎప్పటిలాగే, "ఏటమ్మా, ఎలగున్నాను?" అని అడిగాడు.

"చాలా బాగున్నారు జగ్గునాయుడు గారూ. దిగులుపడవలసింది ఏమీ లేదు" అంది ఆస్పత్రమ్మ.

ఆయన మొహం విప్పారింది. "సూసినావా హైమా, మర్యాద నేర్సీసింది" అన్నాడు.

నేను తెర దగ్గరికి వెళ్ళి అంకెలు అడిగాను. చెప్పింది. ఒక్కటీ ఎక్కువ లేదు, ఒక్కటీ తక్కువ లేదు. పాతికేళ్ళ కుర్రాడికి ఉండవలసిన అంకెలు. పొద్దున ఈయన నా కళ్ళు గప్పి ఆవకాయ బద్ద నోట్లో వేసుకోవడం నేను చూశాను. ఆమె దాని ఊసే ఎత్తలేదు.

"ఇవి నిజం అంకెలేనా తల్లీ?"

"ఆయనకి ఏది మేలో అదే చెప్పానమ్మా."

"నాకు నిజం చెప్పు. నేను రోగిని కాను."

"మీరు దిగులుపడితే ఆయనకి తెలిసిపోతుందమ్మా. మీరూ నిశ్చింతగా ఉండండి."

సుమిత్రని అడిగాను. ఆ పిల్లకి కనిపించేదీ అదే తెర.

ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి ఆఫీసుకి వెళ్ళాను. ఆస్పత్రమ్మ పేజీలో మూడో వాక్యం కలిపాను. రోగి ఇంటివాళ్ళు అడిగితే, మేలైనా కీడైనా, నిజమే చెప్పాలి. పరీక్షించి, అమల్లో పెట్టి, తిరిగి వచ్చి తెర ముందు నిలబడ్డాను.

"కొత్త వాక్యం చదివావా?"

"చదివానమ్మా."

"ఇప్పుడు చెప్పు. ఎలా ఉన్నారు?"

అవే అంకెలు మళ్ళీ చెప్పింది.

"ఇది నిజమేనా?"

"నిజమేనమ్మా" అంది.

ఇంటికి వచ్చాం. ఆయన హుషారుగా ఉన్నాడు. రెండు ఇడ్లీలు ఎక్కువ తిని, బస్సు రోజుల కబుర్లు చెబుతూ చెబుతూ అలాగే నిద్రపోయాడు. నేను దుప్పటి తొలగించి ఆయన కాలి మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, వేలు తీశాను. గుంట పడింది. అది ఎంతసేపటికి పూడుతుందో చూస్తూ కూర్చున్నాను.